పీహెచ్‌సీలో కూర్చుని పాలియేటివ్ కేర్ నేర్చుకున్నాను

నేను ఎంబీబీఎస్ చదివిన రోజుల్లో పాలియేటివ్ కేర్‌కి, అంటే నయం కాని జబ్బున్నవాళ్ళ బాధ తగ్గించే వైద్యానికి, మా పాఠాల్లో దక్కిన చోటు బహు తక్కువ. 2019లో దేశమంతా సిలబస్ మారినప్పుడు దానికి కాస్త జాగా దొరికింది గాని, మా బ్యాచ్ అప్పటికే కాలేజీ దాటేసింది. అందుకని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పీహెచ్‌సీకి మెడికల్ ఆఫీసరుగా వచ్చేనాటికి నాకు కాన్పులు తెలుసు, పాముకాటు తెలుసు, జ్వరాలు తెలుసు. "ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అని పెద్దాసుపత్రి వాళ్ళు పంపేసిన మనిషిని ఎలా చూడాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. పంపేసేది విశాఖపట్నం నుంచే అయినా, ఆ మనిషి వచ్చి చేరేది మా ఓపీకే.

ఉద్దానం పేరు వినని తెలుగువాళ్ళు తక్కువే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు. ఇది కాక మా వైపు ఇంకో పాత అలవాటుంది, అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే. అంగిలి ఏళ్ళ తరబడి కాలి కాలి పుండవుతుంది, కొందరిలో ఆ పుండే క్యాన్సరవుతుంది. ఈ కాలం పిల్లలు దాని జోలికి పోవడం లేదు. డెబ్బై దాటిన మామ్మలు మాత్రం మానమంటే నవ్వి ఊరుకుంటారు.

పాలియేటివ్ కేర్ కోర్సు సంగతి చెప్పింది మా హాస్టల్ సీనియర్ అక్క. విశాఖలో మత్తు డాక్టరు. నోటి క్యాన్సర్ పేషెంటుకి నొప్పి తగ్గడానికి ఏం రాయాలో అడుగుదామని ఫోన్ చేస్తే, "ప్రతిసారీ నన్నడిగే బదులు నువ్వే నేర్చుకోవచ్చు కదే, ఆన్‌లైన్లో చెప్తున్నారు" అని లింకు పంపింది.

లింకు చూసి నాకేమంత హుషారు రాలేదు. కోవిడ్ రోజుల నుంచి మాకు ఆన్‌లైన్ ట్రైనింగులకు కొదవ లేదు. వీడియో పెట్టి, సౌండు తగ్గించి, ఓపీ చూసుకుంటాం. చివర్లో ప్రశ్నలకు టిక్కులు కొడతాం. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి పైవాళ్ళకు పంపేస్తాం. చేతి డబ్బు పెట్టి ఒక ప్రైవేటు సంస్థ దగ్గర డయాబెటిస్ కోర్సు కూడా చేశాను. స్లైడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను అడిగినదానికి జవాబు చెప్పే మనిషే అందులో లేడు.

ఇది అలాంటిది కాదని దరఖాస్తు నింపుతున్నప్పుడే అర్థమైంది. మీరు ప్రస్తుతం చూస్తున్న పేషెంట్లలో ఎవరి గురించి చర్చించాలనుకుంటున్నారు అని అడిగారు. వారానికో క్లాసు, వీడియో ఆన్ చేసుకునే కూర్చోవాలి. మొదట ఒక స్పెషలిస్టు కాసేపు పాఠం చెప్తారు. తర్వాత మాలో ఒకరు తమ పేషెంటు గురించి చెప్పాలి. ముందు తోటి విద్యార్థులు ప్రశ్నలడుగుతారు, ఆ తర్వాతే పెద్దవాళ్ళు నోరు విప్పుతారు. అన్నీ అయ్యాక ఒక పాలియేటివ్ కేంద్రానికి వెళ్ళి కొన్నాళ్ళు చేత్తో పని నేర్చుకోవాలి, లేకపోతే కోర్సు పూర్తయినట్టు కాదు.

కేరళ నుంచి నడిచే కోర్సు ఇది. ఈ విషయంలో కేరళ మనకంటే చాలా ముందుంది. 1993లోనే కోళిక్కోడ్‌లో మొదలుపెట్టి, ఊళ్ళో వలంటీర్లే మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకునేలా అల్లుకుంటూ వచ్చారు. ఆ పని మొదలుపెట్టినవారిలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ 2003లో తిరువనంతపురంలో పాలియం ఇండియా అనే సంస్థ స్థాపించారు. మన దేశంలో ఈ వైద్యానికి ఎండీ సీటంటూ మొదలైంది 2012లో, ముంబై టాటా మెమోరియల్‌లో. ఆ సీట్లలో చదివి బయటికొచ్చే స్పెషలిస్టు మా మండలానికి వచ్చేసరికి నేను రిటైరైపోతాను. అవసరమున్నవాళ్ళలో ఈ సేవ అందుతున్నది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అది ప్రపంచం మొత్తం మీద. స్పెషలిస్టు కోసం ఎదురుచూడకుండా, ఉన్న డాక్టరుకే నేర్పడం తప్ప వేరే దారి లేదు.

ఈ నేర్పే పద్ధతిని ఎకో అంటారు. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికో యూనివర్సిటీలో సంజీవ్ అరోరా అనే లివర్ డాక్టరు దీన్ని మొదలుపెట్టారు. ఆ రాష్ట్రంలో హెపటైటిస్ సి పేషెంట్లు వేలల్లో ఉన్నారు, వైద్యం చేసే స్పెషలిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఆయన క్లినిక్‌లో చూపించుకోవాలంటే ఎనిమిది నెలలు ఆగాలి. దాంతో ఆయన పల్లెల్లో, జైళ్ళలో పనిచేసే డాక్టర్లను వారానికోసారి వీడియోలో కూర్చోబెట్టి, వాళ్ళ కేసులు వాళ్ళచేతే చెప్పించారు. ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మొత్తం 407 మంది పేషెంట్లు. యూనివర్సిటీలో చూపించుకున్నవాళ్ళలో 57.5 శాతం మందికి జబ్బు నయమైతే, పల్లె డాక్టర్ల దగ్గర, జైళ్ళలో చూపించుకున్నవాళ్ళలో 58.2 శాతం మందికి నయమైంది. ఆ కాగితం చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. పల్లె డాక్టరంటే పెద్దాసుపత్రికి రాసి పంపే మనిషి అని మాలో చాలామందికి మనసులో ఉండిపోతుంది.

క్లాసు టైముకి సిగ్నల్ దొరకడం మరో గొడవ. నా గదిలో మాట తెగిపోతుంది, వ్యాక్సిన్ గది కిటికీ పక్కన బాగా వస్తుంది. వ్యాక్సిన్లు దాచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ మీద ఫోన్ ఆనించి కూర్చునేదాన్ని. కాన్పు కేసు వస్తే మధ్యలో లేచిపోవాల్సిందే. వెనక బల్ల మీద మా స్టాఫ్‌నర్సు కూర్చుని స్టాక్ రిజిస్టరు రాసుకుంటూ తనూ వినేది. మలయాళీ యాసలో ఇంగ్లిషు మొదట్లో ఇద్దరికీ కొరుకుడు పడలేదు.

నా వంతు వచ్చింది. నోటి క్యాన్సర్ మామ్మ గురించి చెబుదామనుకున్నాను. అంగిట్లో మొదలైన పుండు దవడ తొలుచుకుని చెంప బయటికి వచ్చేసింది. రేడియేషన్ అయిపోయింది. కేసు ఫారం ముందే పంపాలి. అందులో జబ్బు వివరాలకి అర పేజీ. మిగతా పేజీన్నర అంతా వేరే ప్రశ్నలు. ఇంట్లో ఎక్కడ పడుకుంటుంది? రాత్రి పక్కన ఎవరుంటారు? తన జబ్బు గురించి ఆమెకేం తెలుసు? ఆమెను అన్నిటికంటే బాధిస్తున్నదేమిటి, ఆమె మాటల్లోనే రాయండి. ఇవేవీ ఓపీ చీటీలో ఉండవు. ఫారం నింపడానికే ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను.

మామ్మ మంచం పెరటి వసారాలో ఉంది, గేదెల కొట్టానికి అటు పక్కన. చెంపకి కట్టిన గుడ్డ తడిసి, చుట్టూ ఈగలు. కోడలు చెడ్డమనిషేం కాదు, టైముకి గంజి కాచి ఇస్తోంది, కానీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా దగ్గరికి రాలేకపోతోంది. "అన్నిటికంటే ఏది బాధగా ఉంది మామ్మా?" అని అడిగాను. నొప్పి అంటుందనుకున్నాను. "నొప్పికేటి తల్లీ, ఓర్సుకుంటాను. ఈ కంపే. మా గుంటడు దగ్గరికి రాడు" అంది. గుంటడంటే మనవడు. ఆ మాట ఉన్నదున్నట్టు తెలుగులోనే ఫారంలో రాసి, కింద ఇంగ్లిషులో అర్థం రాశాను.

క్లాసులో నేను నొప్పి మందుల గురించే ఎక్కువ చెప్పబోయాను. అస్సాం నుంచి ఒక నర్సు చెయ్యెత్తి, "ఆవిడ అడిగింది వాసన గురించి కదా డాక్టర్" అంది. తర్వాత తనే చెప్పింది. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి, పుండు కడిగాక ఆ పొడి చల్లి కట్టు కట్టాలి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగాలి. పాత నూలు చీర ముక్కలు ఉతికి ఎర్రటి ఎండలో ఆరబెట్టి కట్టుకి వాడుకోవచ్చు. పురుగులు పడితే టర్పెంటైన్ నూనెలో ముంచిన గుడ్డ పుండు దగ్గర పెడితే బయటికొస్తాయి, అప్పుడు ఫోర్సెప్స్‌తో తీసెయ్యాలి. మెట్రోనిడజోల్ మా ఫార్మసీలో విరేచనాలకిచ్చే మాత్ర, డబ్బాలకు డబ్బాలు ఉంది. మర్నాడు కోడలి చేతికి కల్వం ఇచ్చి నూరించాను, కట్టు కట్టడం చేసి చూపించాను. వారం తిరక్కుండా వాసన బాగా తగ్గింది. మంచాన్ని వసారాలోంచి ముందు గదిలోకి మార్చారు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు మనవడు మంచం కోడు దగ్గర కూర్చుని ఫోన్లో గేమ్ ఆడుకుంటున్నాడు. మామ్మకి గర్వంగా ఉంది, ఆ ఆట తనకి చూపించనే లేదని వాణ్ణి తిట్టింది కూడా.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ నొప్పిని ఒంటి నొప్పిగా మాత్రమే చూడొద్దని, మనసు, ఇల్లు, డబ్బు, దేవుడు అన్నీ అందులో కలిసి ఉంటాయని చెప్పిందట. పాఠంలో విన్నప్పుడు పరీక్షకి రాసుకునే మాటలా ఉంది. వసారాలో మంచం చూశాక ఇక రాసుకోనక్కర్లేకపోయింది. అందుకే చెప్తున్నాను, ఈ కోర్సులో పాఠాలు తీసేసినా పెద్ద నష్టం లేదు, అవి పుస్తకంలో దొరుకుతాయి. కేసు చెప్పడం తీసేస్తే ఏమీ మిగలదు. వచ్చే వారం పదిమంది ముందు ఈ మనిషి గురించి చెప్పాలి, అడిగితే జవాబు ఉండాలి అన్న టెన్షనే నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళింది.

నొప్పి సంగతి కూడా తర్వాత తేలింది. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర చాలడం లేదు, అంతకంటే బలమైన మార్ఫినే కావాలి. నోటి ద్వారా, గడియారం చూసి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే నాలుగు గంటలకోసారి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచాలి. రాత్రి పడుకోబోయే ముందు రెట్టింపు ఇస్తే నడిరాత్రి లేపక్కర్లేదు. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మాత్ర కూడా ఇచ్చి తీరాలి, ఎందుకంటే మార్ఫిన్‌కి వాంతులు కొన్నాళ్ళకు తగ్గుతాయి గాని మలబద్ధకం తగ్గదు. మార్ఫినంటే ఊపిరి ఆగిపోతుంది, అలవాటైపోతుంది అని నాలో ఉన్న భయాన్ని ఒక్కో క్లాసూ కొంచెం కొంచెంగా తీసేసింది.

మాట్లాడటం నేర్పించిన క్లాసు నాకు బాగా గుర్తు. ఇద్దరిద్దరిని వీడియోలోనే విడివిడి గదుల్లో పెట్టి, మీ మీ భాషలోనే నటించండి అన్నారు. నా జతకి వరంగల్ వైపు నర్సు ఒకామె పడింది. తను కొడుకు, నేను డాక్టరు. "మా అమ్మకి చెప్పకుండ్రి మేడం. చెప్తే గుండె ఆగి సస్తది, అప్పుడు పూచీ మీదే" అని ఆమె నా మీదికొచ్చిన తీరుకి నిజంగానే కంగారు పడ్డాను. ఈ మాట మన దగ్గర రోజూ వినేదే. మాకు నేర్పిందేమంటే, చెప్తాననీ అనొద్దు, చెప్పననీ అనొద్దు. అమ్మకి ఏం జరుగుతుందని భయపడుతున్నావు బాబూ అని ముందు కొడుకుని అడగాలి. తర్వాత తల్లి దగ్గరికి వెళ్ళి, మీకు ఏమైందని అనుకుంటున్నారమ్మా అని అడిగి ఊరుకోవాలి. చాలాసార్లు ఆమెకు ముందే తెలిసి ఉంటుంది, కొడుకు తట్టుకోలేడని తనే దాస్తూ ఉంటుంది. గమనించడానికొచ్చిన మలయాళీ టీచరుకి మా తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా, "అతను మాట్లాడటం పూర్తికాకముందే మీరు తలూపేస్తున్నారు" అని పట్టేశారు.

ఇంకో కేసులో నేనూ వాళ్ళకి కొంత చెప్పగలిగాను. జీడి పరిశ్రమలో పనిచేసిన ఒకాయన, యాభై దాటాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. "ఇంక నేను పోను డాక్టరమ్మా, నన్నొదిలెయ్యండి" అంటున్నాడు. ఉత్తరాది నుంచి ఒక నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, క్లాసులో ఉన్నారు. డయాలసిస్ ఆపితే చాలామందికి మిగిలేవి కొద్ది రోజులేనని, అయినా ఆపాలా వద్దా అన్నది పేషెంటు హక్కని, ఆపినవాళ్ళకి ఆయాసం, నొప్పి లేకుండా చూడటం మన పని అని చెప్పారు. కిడ్నీలు పోయినవాళ్ళలో మార్ఫిన్ తాలూకు పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి కాబట్టి జాగ్రత్త, ఒంటికి అంటించే ఫెంటనిల్ అనే నొప్పి మందు పట్టీ మేలు అన్నారు. నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది అసలు వద్దన్నారు. ఆ సూది కావాలని మా ఊళ్ళో ఆర్ఎంపీల దగ్గర ఎంతమంది అడిగి వేయించుకుంటారో ఆయనకి తెలియదు.

అప్పుడు నేను పింఛను గురించి చెప్పాను. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు నెలకు 10,000 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. ఆ ఇంట్లో కదలని ఆదాయం అదే. డయాలసిస్ మానేస్తానని ఆయనంటే, ఇంట్లోవాళ్ళ గుండెలో రాయి పడేది ఆయన మీద ప్రేమ వల్లే కాదు, అలాగని ప్రేమ లేకా కాదు. పేషెంటు హక్కు అన్న మాట అక్కడ ఒంటరిగా నిలబడదు. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయింది. తర్వాత జార్ఖండ్ డాక్టరొకాయన తమ వైపు ఇలాంటిదే ఒకటి చెప్పారు, చర్చ టైము దాటిపోయింది.

చివరికి మా డయాలసిస్ పేషెంటుకి పనిచేసింది చిన్న సలహా. ఎందుకు మానాలనుకుంటున్నాడో మళ్ళీ అడగమన్నారు. అడిగితే దురద అన్నాడు. రాత్రంతా గోక్కుంటూ కూర్చోవడం, నిద్ర లేకపోవడం. ఒళ్ళంతా గీరుకుపోయి ఉంది. డయాలసిస్ అయిన రోజున గాబాపెంటిన్ 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. నిద్ర పట్టింది. "ఇప్పటికి కానీయండి, చూద్దాం" అన్నాడు. మానాలనుకున్న రోజున ఏం చేద్దామో కూడా ఆయనా, భార్యా, నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం.

ఫోన్లో రానిది ఒకటుంది, చెయ్యి. నోటితో మింగలేనివాళ్ళకి చర్మం కింద బటర్‌ఫ్లై సూది పెట్టి మందు, సెలైన్ ఇవ్వొచ్చని వీడియోలో ఎన్నిసార్లు చూసినా, పక్కన నర్సు నిలబడి వేలితో చర్మం ఎంత మడత పెట్టాలో చూపించాకే వచ్చింది. ఆ ప్రాక్టికల్ కోసం సెలవు దొరకడమే పెద్ద పని. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లున్నా ఒకరు ఎప్పుడూ డెప్యుటేషన్ మీదే ఉంటారు. ఈ సర్టిఫికెట్ వల్ల ప్రమోషన్‌కి లాభమేమైనా ఉందా అని పై అధికారి ఒకాయన అడిగారు. లేదు అంటే, మరెందుకు అన్నట్టు చూశారు.

చదువు ఫోన్లోకి వచ్చినంత సులువుగా మార్ఫిన్ మా అల్మారాలోకి రాలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఒకప్పుడు దానికి ఎన్నో లైసెన్సులు కావాల్సి వచ్చేది. 2014లో చట్టం సవరించి, మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులను అత్యవసర జాబితాలో పెట్టారు. గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క అనుమతి చాలన్నారు. శిక్షణ పొందిన డాక్టరుండాలన్నది ఆ గుర్తింపుకి ఒక షరతు. మా నియోజకవర్గంలో ఒక పెద్ద ఆసుపత్రి తరఫున పెట్టిన దరఖాస్తు ఇంకా బల్లలు మారుతోంది, అడిగిన జిరాక్సులే మళ్ళీ అడుగుతున్నారు. వీడియోలో చూసి రాసేద్దామన్నా కుదరదు, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఇలాంటి మందులు నిషేధ జాబితాలో ఉన్నాయి. అందుకని మామ్మ కొడుకు పొద్దున రైలెక్కి విశాఖ వెళ్ళి, చీటీ చూపించి మాత్రలు తెచ్చుకుని రాత్రికి ఇల్లు చేరేవాడు. ఏ మోతాదు ఎప్పుడు పెంచాలన్నది మాత్రం ఇక్కడే నేను చూసి అక్కడి డాక్టరుతో ఫోన్లో మాట్లాడేదాన్ని. కూలి పోయినా, ఛార్జీలు పెట్టుకున్నా, ఆఖరి నెలల్లో ఆమె అరుపు పక్కింటికి వినపడలేదని కొడుకు అంటాడు. ఆమె చనిపోయాక కూడా మిగిలిన మాత్రలు తెచ్చి నాకప్పగించి, వాటిని వెనక్కి ఎక్కడివ్వాలో అడిగాడు.

ఇప్పుడు నెలకోసారి మా ఆశా కార్యకర్తలకు మేమే తెలుగులో క్లాసు చెప్పుకుంటున్నాం. అదే పద్ధతి, ఒకామె తన ఊళ్ళో మంచాన పడ్డ మనిషి గురించి చెప్పాలి, మిగతావాళ్ళు అడగాలి. డాక్టరుకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసని ప్రతిసారీ రుజువవుతుంది. ఎవరింట్లో అత్తాకోడళ్ళకు పడదో, ఎవరు మందులు తీసుకెళ్ళి దాచుకుంటారో, ఏ ఇంటికి ఏ వేళకి వెళ్ళాలో వాళ్ళ దగ్గరే ఉంది.

మా స్టాఫ్‌నర్సు కూడా నర్సుల బ్యాచ్‌కి దరఖాస్తు పెట్టింది. ఫారంలో ఏ పేషెంటు గురించి రాయాలని నన్నేమీ అడగలేదు, తనే రాసుకుంది. క్లాసులు బుధవారమని మెయిల్ వస్తే, బుధవారం మాకు టీకాల రోజు, కుదరదు, వేరే రోజు ఇవ్వండని జవాబు రాసింది. గురువారం బ్యాచ్‌లో వేశారు.